వేవ్ తగ్గాక నాకు నిద్ర కరువైంది: ఒక ఆశా వర్కర్ అనుభవం

నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక ఊళ్లో ఆశా వర్కర్‌ని. ఊరి పేరు, మండలం పేరు రాయను, రాస్తే మా వైపు వాళ్లకు ఎవరి సంగతి చెబుతున్నానో ఇట్టే తెలిసిపోతుంది. కరోనాలో ఆశాలు ఎంత కష్టపడ్డారో అప్పట్లో పేపర్లలో వచ్చింది, టీవీల్లోనూ చూపించారు. అంతా సద్దుమణిగాక మాలో కొంతమందికి ఏమైందో మాత్రం ఎవరూ రాయలేదు, మాలో మేము కూడా చెప్పుకోలేదు. నాకు రెండో వేవ్‌లో మనసుకు ఏమీ కాలేదు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ వేవ్ పోయాక 2021 జులైలో మొదలయ్యాయి. 2022 అక్టోబరులో డాక్టరుగారు మందు పూర్తిగా ఆపేశారు. ఈ మధ్యలో జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

2020 సంగతి తొందరగా చెప్పేస్తా. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా ఊళ్లో ఒక్క కేసు లేదు, భయం మాత్రం బోలెడు. మే నెలలో భీవండి, ముంబై నుంచి మా వాళ్లు తిరిగి రావడం మొదలైంది. చేతి మీద సిరా ముద్ర వేసి పద్నాలుగు రోజులు ఇల్లు కదలొద్దనేవాళ్లు, వాళ్లు ఉన్నారా లేరా అని మేం రోజూ పోయి చూసి రాసుకోవాలి. నా చేతికి వచ్చింది రెండు మాస్కులు, చిన్న శానిటైజర్ సీసా. "మేమేమన్న దొంగలమా, పొద్దుమాపు వచ్చి చూస్తున్నవ్" అని ఒకాయన మీదికి వచ్చాడు. ఇంకో ఇంట్లో నేను గడప దిగీ దిగకముందే నేను నిలబడ్డ చోట పసుపు నీళ్లు చల్లారు. కోపం వచ్చేది, ఇంటికొచ్చి మా ఆయన ముందు తిట్టుకునేదాన్ని, పడుకుంటే నిద్ర పట్టేది. అంతే.

2021 జనవరిలో మాకు మొదటి విడతలోనే టీకా వేశారు, ఫిబ్రవరిలో రెండోది. గండం గడిచిందనుకున్నాం. ఏప్రిల్ వచ్చేసరికి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) దగ్గర టెస్టుల కోసం తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టి కూర్చునే పరిస్థితి. మే 6 నుంచి ఇంటింటి జ్వరం సర్వే. నేను, నర్సు పని చేసే ఏఎన్ఎం మేడం, అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ నుంచి ఒకరు. ఇల్లిల్లూ తిరిగి జ్వరం ఎవరికుంది, దగ్గు ఎవరికుంది రాసుకుని, ఉన్నవాళ్లకు అక్కడికక్కడే మందుల కిట్ ఇవ్వాలి. అందులో పారాసెటమాల్, డాక్సీసైక్లిన్, విటమిన్ మాత్రలు, స్టెరాయిడ్ మాత్రలు కూడా ఉండేవి. ఆ స్టెరాయిడ్ దగ్గరే నాకు గుబులు. అది మొదటి రోజే వేసుకోకూడదని ఎంత చెప్పినా "అన్నీ ఒక్కసారే మింగితె జల్ది తగ్గదా బిడ్డా?" అని అడిగేవాళ్లు. చదువు రాని ముసలివాళ్ల ఇళ్లల్లో ఆ ఒక్క పట్టీని వేరే కవర్లో కట్టి, పైన మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు వేసి, నేను చెప్పేదాకా విప్పొద్దనేదాన్ని.

చిన్న చిన్న విషయాలు ఎవరూ ముందు చెప్పరు కాబట్టి రాస్తున్నా. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరుకు సెల్లు మేమే కొనుక్కునేవాళ్లం. గోళ్లకు రంగు వేసుకున్న పిల్లల వేళ్లకు పెడితే లెక్క సరిగా వచ్చేది కాదు, ముసలవ్వల చేతులు చల్లగా ఉన్నా అంతే, ముందు అరచేతులు రుద్ది వెచ్చబరచాలి. మాస్కు తాడుకు చెవి వెనక పుండ్లు పడ్డాయి, జాకెట్టు హుక్కులు రెండు తాడుకు కుట్టుకుని జడపిన్నుకు తగిలించేదాన్ని. మే నెల ఎండ. నీళ్లు తాగితే మూత్రానికి ఎక్కడికి పోవాలి? ఎవరింట్లోకీ రానివ్వరు. అందుకని పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టేవాళ్లం కాదు. మా మండలంలో ఆశాల్లో చాలామందికి మూత్రంలో మంట పట్టుకుంది, ఆ మందులకు అయిన ఖర్చు ఏ లెక్కలోనూ రాలేదు.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. అప్పుడు మా పారితోషికం నెలకు 7,500. కరోనా పనికని కేంద్రం ఇస్తామన్న వెయ్యి ఎప్పుడు పడుతుందో తెలిసేది కాదు. డ్యూటీలో కరోనా వచ్చి చనిపోతే 50 లక్షల బీమా ఉందని మాత్రం అందరికీ తెలుసు. "బతికుంటే ఏడున్నర వేలు, పోతే యాభై లక్షలు, మా ఆయన ఏది కోరుకుంటడో" అని మాలో ఒకామె మీటింగులో అంటే అందరం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వులు లేకపోతే ఆ నెల గడిచేది కాదు, నిజంగా.

మే నెల మధ్యలో ఒకామె పోయింది. మా బజారులోనే ఇల్లు, నాకు వరసకు వదినె. సర్వేలో జ్వరం ఉందని తేలింది, టెస్టు చేయిస్తే పాజిటివ్. కిట్ ఇచ్చాను, రోజుకు రెండుసార్లు వేలికి ఆక్సీమీటరు పెట్టి చూసేదాన్ని. 97, 96, 95. 94 కంటే తగ్గితే పంపించాలని మాకు చెప్పారు. నాలుగో రోజు రాత్రి పదకొండు దాటాక వాళ్ల కొడుకు ఫోను, "అత్తా, 88 చూపిస్తుంది" అని. 108కి చేస్తే బండి వేరే ఊరికి పోయింది, రావడానికి గంటన్నర పడుతుందన్నారు. మా ఆయనకు ఆటో ఉంది. నేను అడగలేదు, తనే లేచి తాళం తీసుకున్నాడు. మొదటి ఆసుపత్రిలో ఆక్సిజన్ బెడ్ లేదన్నారు, రెండోచోట కూడా అదే మాట, మూడోచోట తెల్లవారుజామున చేర్చుకున్నారు. నాలుగు రోజులకు చనిపోయింది. శవాన్ని ఊరికి తేలేదు. పిల్లలు కూడా దూరం నుంచే చూశారట.

ఆ తర్వాత ఊళ్లో మాట మొదలైంది, ఆశమ్మ మాత్రలిచ్చి ఇంట్లనే పండబెట్టింది అని. నా మొహం మీద ఎవరూ అనలేదు. కిరాణా కొట్టు దగ్గర నేను పోగానే మాటలు ఆగిపోయేవి. పీహెచ్‌సీ డాక్టరుగారు రిజిస్టరు చూసి, నువ్వు చేయాల్సినవన్నీ చేశావు, అప్పుడు 95 ఉంటే ఎవరైనా ఇంట్లోనే ఉంచుతారు అన్నారు. మాట అర్థమైంది, కడుపులోకి దిగలేదు. కానీ ఏడవడానికి టైం లేదు, మరుసటి రోజు పొద్దున సర్వే ఉంది, సాయంత్రం నాలుగుకల్లా వాట్సాప్‌లో రిపోర్టు పెట్టాలి.

మే ఆఖరులో నాకూ వచ్చింది. టీకా వేసుకున్నందుకేమో, జ్వరం, ఒళ్లు నొప్పులు, వాసన పోవడం, అంతకు మించి కాలేదు. గొడ్ల కొట్టం పక్కన గదిలో రెండు వారాలు ఉన్నా. మా అత్త పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి పోయేది. ఫోను మాత్రం ఆగలేదు, "అక్కా, మీ ఏరియా లిస్టు పంపండి" అని పాజిటివ్ ఉన్న మనిషిని అడిగేవాళ్లు. పక్క ఊరి ఆశా నా ఇళ్లు కూడా తనే తిరిగింది. ఎవరూ చెప్పకుండానే తిరిగింది, దానికి పైసా రాలేదు. రెండో వేవ్‌లో మళ్లీ పెట్టిన లాక్‌డౌన్ జూన్ 20న ఎత్తేశారు.

ఇక అసలు కథ. జులైలో కేసులు బాగా తగ్గాయి. నాట్లు పడుతున్నాయి, జనం మాస్కులు తీసేశారు, నాకు మాత్రం రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చి ఇక పట్టడం మానేసింది. మొదట్లో ఎండ వేడి అనుకున్నా, వానలు పడ్డాక కూడా అంతే. ఫోను మోగితే గుండె దడదడా కొట్టుకుని చేతులు చెమటలు పట్టేవి, అది మా అమ్మ ఫోనైనా సరే. మా బజారు చివరికి పోవాలంటే కాళ్లు వచ్చేవి కావు, చుట్టూ తిరిగి చెరువు కట్ట మీదుగా పోయేదాన్ని. పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని. గర్భిణీల వివరాలు రాస్తుంటే అదే పేరు రెండుసార్లు రాసి కొట్టేసేదాన్ని. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఒకరోజు "అమ్మా, నువ్వు నవ్వట్లేదు" అంది. అప్పుడు కూడా నేను దీన్ని జబ్బు అనుకోలేదు. అలసట అనుకున్నా.

ఆ తర్వాత పెట్టిన ఖర్చు చూడండి. ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసం అని చెప్పి సెలైన్ ఎక్కించి, బీ కాంప్లెక్స్ సూదులు వేశాడు, విడతకు 600 చొప్పున కొన్నిసార్లు. మా అత్త గాలి సోకిందని దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది, బండి కిరాయి, చదివింపులు కలిపి 700. గుండె దడ కదా అని టౌన్లో ఒక ల్యాబులో ఈసీజీ, థైరాయిడ్, రక్త పరీక్షలు, అన్నీ నార్మల్, 1,450 బిల్లు. అన్నీ బాగున్నాయని రిపోర్టు వస్తే సంతోషించాలి కదా, నాకు ఏడుపొచ్చింది. జబ్బు లేకపోతే మరి ఇదేంటి? నాటకమా?

ఆగస్టు చివర్లో నెలవారీ మీటింగు అయ్యాక పీహెచ్‌సీ డాక్టరుగారు నన్ను ఆగమన్నారు. ఏఎన్ఎం మేడం చెప్పిందట. రిపోర్టులు చూసి పక్కన పెట్టి, నిద్ర ఎన్ని గంటలు, ఎప్పటినుంచి, తిండి ఎలా ఉంది అని అడిగి, జిల్లా కేంద్రంలో గవర్నమెంటు ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది, చీటీ రాస్తాను పొమ్మన్నారు. నాకు ఒళ్లంతా జలదరించింది. నేనే ఊళ్లో వాళ్లను అలాంటి చోటికి తీసుకుపోయిన మనిషిని, అక్కడ కూర్చున్న వాళ్లను ఊరు ఏమంటుందో నాకు తెలుసు. ఆ చీటీ పర్సులో మూడు వారాలు అలాగే ఉంది.

పోయేలా చేసింది మా ఆయనే. "ఆటోకు బ్రేకు పడకపోతే మెకానిక్ కాడికి పోతం గాని ఊరోళ్లు ఏమంటరని సూస్తమా?" అన్నాడు, అంతకంటే పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

సెప్టెంబరు మూడో వారంలో పోయాం. ఓపీ చీటీ కౌంటరు ఎనిమిదిన్నరకు తెరుస్తారు, మేం ఎనిమిదింపావుకు చేరితే అప్పటికే లైను. ఆధార్ అడిగారు. మానసిక వైద్యం గది ముందు బెంచీల మీద మామూలు మనుషులే. కాలేజీ పిల్ల, తాగుడు మానిపించడానికి భార్య పట్టుకొచ్చిన ఆయన, ఒక కానిస్టేబులు. కొంగు మొహానికి కప్పుకుని కూర్చున్నా. మాస్కు ఉంది కాబట్టి ఎవరూ గుర్తుపట్టరని తర్వాత తట్టింది, కరోనా వల్ల నాకు కలిగిన మేలు అదొక్కటే. నా వంతు పన్నెండుంబావుకు వచ్చింది. పొద్దున ఏమీ తినకుండా పోయాను, పరీక్షలు చేస్తారేమో అని. రక్తం ఏమీ తీయలేదు.

డాక్టరమ్మ చిన్న వయసావిడ. ఎక్కువ సేపు పట్టలేదు. నిద్ర, ఆకలి, పనిమీద ధ్యాస, పాత సంగతులు కళ్ల ముందుకు వస్తాయా అని అడిగింది. తర్వాత ఏ ఉపోద్ఘాతం లేకుండా "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగింది. చెరువు కట్ట మీదుగా పోతున్నప్పుడు ఒకటి రెండుసార్లు అనిపించిందని చెప్పాను. అది నేను మా ఆయనకు కూడా చెప్పలేదు, పక్కనే కూర్చుని విన్నాడు. డాక్టరమ్మ భయపడలేదు, అయ్యో అనలేదు, రాసుకుని ఇంకా రెండు ప్రశ్నలు అడిగింది. ఆ మాట బయటికి వచ్చి ఎదుటి మనిషి మామూలుగా తీసుకుంటే ఎంత తేలికవుతుందో నేను చెప్పలేను. నీళ్ల దగ్గరికి ఒంటరిగా పోనివ్వొద్దు, ఇంట్లో పురుగు మందు డబ్బాలు ఉంటే తీసేయమని మా ఆయనకు చెప్పింది. అదే రోజు వచ్చి పత్తి చేనుకు తెచ్చిన డబ్బాలు వాళ్ల అన్న ఇంట్లో పెట్టాడు.

మందులు రెండు రాసింది. ఒకటి రోజూ వేసుకునేది, ఇంకొకటి నిద్రకు, అది కొద్ది రోజులకే. పేర్లు రాయను, చదివి మెడికల్ షాపులో కొనుక్కుంటారు. చెప్పాల్సింది ఏంటంటే, రోజూ వేసుకునే మందు వెంటనే పనిచేయదు. రెండు మూడు వారాలు పడుతుంది, మొదటి వారంలో కడుపులో తిప్పుతుంది, ఇంకా దడగా కూడా అనిపించొచ్చు, అయినా ఆపొద్దు అని ముందే చెప్పింది. ముందే చెప్పబట్టి బతికిపోయాను, లేకపోతే మూడో రోజే పారేసేదాన్ని. మందులు అక్కడే ఉచితంగా ఇచ్చారు. రెండోసారి పోయినప్పుడు ఒక రకం స్టాకు లేక బయట కొన్నాం, నెలకు 180. బస్సు చార్జీలు, టీ టిఫిన్లు, ఆ రోజు ఆటో గిరాకీ పోవడం, అసలు ఖర్చు అదీ.

పక్క గదిలో కౌన్సెలింగ్ చేసే ఆవిడ దగ్గర ఎక్కువ సేపు కూర్చున్నా, దాదాపు ముప్పావుగంట. ధైర్యంగా ఉండు అంటుందేమో, ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది, అననే లేదు. ఆ రాత్రి సంగతి మొత్తం మొదటినుంచి చెప్పమంది, 88 దగ్గరినుంచి. ఏ గంటకు ఏం చేశావు అని అడుగుతూ కాగితం మీద రాయించింది. రాశాక చూస్తే నేను ఖాళీగా కూర్చున్న నిమిషం ఒక్కటి లేదు. డాక్టరుగారు చెప్పినప్పుడు ఎక్కని మాట నా చేతి రాతలో చూస్తే ఎక్కింది. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పింది, లోపలికి తీసుకునేదాని కంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలని. ఫోను రింగ్‌టోన్ మార్చమంది. మా బజారు చివరికి రోజూ కొంచెం కొంచెం దూరం పోయి నిలబడి రమ్మంది, ఒక్కదాన్నే కాదు, తోడుతో.

తోడు ఎవరు వచ్చారంటే నా ఇళ్లు తిరిగిపెట్టిన పక్క ఊరి ఆశానే. నాకంటే చిన్నది, చెల్లె అని పిలుస్తా. తనకూ నిద్ర పట్టట్లేదని నాకు ఆ నడకల్లోనే తెలిసింది. అప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకు నలుగురం ఫోన్లో కలిసి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం, కరోనా మాట ఎత్తితే పది రూపాయల జరిమానా. కూరల సంగతి, అత్తల సంగతి, సీరియల్ సంగతి. తొమ్మిది తర్వాత అందరం ఫోన్లు పక్కన పెట్టేయాలి. మీకిది పిల్లల ఆటలా అనిపించొచ్చు. నాకు మందు ఎంత పనిచేసిందో ఇదీ అంత పనిచేసింది.

అక్టోబరులో బతుకమ్మ వచ్చింది. మా బజారు వాళ్లు ఆడేది ఆ వదినె ఇంటి ముందరి ఖాళీ జాగాలోనే. ఆఖరి రోజు, సద్దుల నాడు పోయాను, కాసేపు ఆడి, దడ వచ్చి అరుగు మీద కూర్చున్నా. ఆమె కొడుకు నీళ్లు తెచ్చి ఇచ్చాడు, "అత్తా, ఆ రాత్రి మామ ఆటో తీయకపోతే మా అమ్మ రోడ్డు మీదనే పోయేది" అన్నాడు. వాళ్ల నాన్న మాత్రం ఇప్పటికీ నాతో మాట్లాడడు. మాట్లాడాలని నేను ఎదురుచూడటం మానేశా.

2022 జనవరిలో ఒమిక్రాన్. 21 నుంచి మళ్లీ జ్వరం సర్వే అని మెసేజ్ రాగానే ఆ రాత్రి నిద్ర పోలేదు, మళ్లీ మొదటికి వచ్చిందని భయం వేసింది. డాక్టరమ్మకు చూపించుకునే తేదీ ఎలాగూ దగ్గర్లోనే ఉంది. పోతే మందు పెంచలేదు, ఈ టెన్షన్ ఎవరికైనా వస్తుంది, వారం చూద్దాం అంది. ఈసారి సర్వేలో నేను ఒక మాట ముందే చెప్పాను, ఇద్దరం కలిసే తిరుగుతాం, రాత్రి తొమ్మిది దాటాక రిపోర్టులు అడగొద్దని. సూపర్‌వైజర్ కొంచెం మొహం ముడిచింది, తర్వాత ఒప్పుకుంది. నీళ్ల సీసా కూడా పట్టుకుపోయాం, అంగన్‌వాడీ బాత్రూం తాళం మా దగ్గర పెట్టుకుని. కేసులు వచ్చాయి, తగ్గాయి, మా ఊళ్లో ఎవరూ పోలేదు. ఆ నెలలోనే పారితోషికం 9,750 చేస్తూ ఉత్తర్వు వచ్చింది.

మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ అవార్డు ఇచ్చింది. అందరూ స్టేటస్‌లు పెట్టారు, నేనూ పెట్టా. సంతోషమే, కాదనను. ఆ రోజు కూడా నా బ్యాగులో ఆక్సీమీటరు సెల్లు నా డబ్బుతో కొన్నవే.

మందు ఆగస్టు నుంచి సగం చేశారు, అక్టోబరులో ఆపేశారు. బాగైంది కదా అని మధ్యలో ఒకసారి నేనే ఆపేద్దామా అని అడిగితే, ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి, మెల్లగానే దించాలి అన్నారు. ఇప్పుడు రాత్రి పది నుంచి నాలుగున్నర దాకా నిద్ర పడుతోంది. ఎప్పుడైనా మెలకువ వస్తే లేచి బోళ్లు తోముకుంటా. కొత్త నంబరు నుంచి ఫోను వస్తే దడ ఇంకా పూర్తిగా పోలేదు.

అప్పుడు లేనివి, నాకు తెలియనివి రెండు మూడు చెబుతా. 2022 అక్టోబరు 10న 14416 అని టెలి మానస్ నంబరు, మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ నంబరు, మొదలైంది, ఉచితం, రాత్రైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రికి పోయేవాళ్లు సోమవారం పోకండి, రద్దీ ఎక్కువ. ఆధార్, పాత చీటీలు తీసుకుపోండి, నిద్ర ఎప్పుడు చెడిందో తారీఖులు కాగితం మీద రాసుకుని పోండి, లోపలికి పోయాక ఏమీ గుర్తురాదు. ఇంట్లోవాళ్లు ఎవరైనా తోడుంటే మంచిది. ఇంకా, టిఫిన్ తినే పోండి.